శనివారం రాత్రి పెట్టిన ఆకుపచ్చ రింగు: ఒక క్యూఏ తమ్ముడి కేసు

ముందే చెప్తున్న, ఈ కేసుల నా తప్పు కూడా ఒకటుంది, మధ్యల వస్తది, దాచిపెట్టను. నేను మహబూబ్‌నగర్ న్యూటౌన్‌ల చిన్న ఆఫీసు పెట్టుకొని రెజ్యూమెలు, ఇంటర్వ్యూ ప్రాక్టీసు, కొలువు మారేటోళ్లకు సలహాలు, ఇవే చూసుకుంట. అంతకుముందు తొమ్మిదేండ్లు జడ్చర్ల దిక్కు ఫార్మా యూనిట్లల్ల హెచ్‌ఆర్‌ల చేసిన, అంటే టేబుల్‌కు అవతలి పక్క కూడా కూసున్నోన్నే. అందుకే ఈ కేసు రాస్తున్న. పిల్లగాడు తన పేరు, కంపెనీ పేరు రాయొద్దన్నడు, మిగతాదంతా రాసుకో అన్నా అన్నడు. తమ్ముడు అనే పిలుస్త ఇక్కడ.

తమ్ముడు దేవరకద్ర దిక్కు ఊరోడు. పాలమూరు యూనివర్సిటీల ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఆ తర్వాత ఐదేండ్ల నుంచి పోలేపల్లి దిక్కు ఒక టాబ్లెట్ యూనిట్‌ల క్వాలిటీ అష్యూరెన్స్, అదే క్యూఏ, మందు తయారీ, కాగితాలు పద్ధతి ప్రకారం ఉన్నయా లేవా చూసే పని. ఐపీక్యూఏల, అంటే తయారీ నడుస్తుంటే పక్కనుండి చెక్ చేసే కాడ, షురూ చేసి డాక్యుమెంటేషన్‌కు వచ్చిండు, సీనియర్ ఎగ్జిక్యూటివ్, ఏడాదికి 5.1 లక్షలు. ప్రమోషన్ ఈసారి పక్కా అని రెండు అప్రైజల్స్‌ల చెప్పిన్రంట, రెండుసార్లు రాలే. పని తెలిసినోడు, బ్యాచ్ రికార్డు, అంటే ఒక్కో బ్యాచ్ మందు ఎట్ల తయారైందో రాసే ఫైలు, చేతికిస్తే ఎక్కడ సంతకం తప్పిందో, ఎక్కడ టైం కొట్టేసి మల్ల రాసిన్రో కన్ను పడగానే చెప్తడు. కానీ ఫార్మా బయట ప్రపంచం ఎట్ల నడుస్తదో తెల్వదు, కొలువుల పరిచయాల కోసం ఉండే సైటు లింక్డ్‌ఇన్ అంటే ఫేస్‌బుక్‌కు ఇస్త్రీ చేసిన చొక్కా తొడిగినట్టు అనుకున్నడు.

2025 జనవరిల ఒక శనివారం రాత్రి, సెకండ్ షిఫ్ట్ దిగి రూంకొచ్చి, ఏదో వీడియో చూసి, ఫోన్ల లింక్డ్‌ఇన్ తెరిచి, కొలువు కోసం చూస్తున్న అని చెప్పే ఓపెన్ టు వర్క్ అనేది నొక్కిండు. ఎవరికి కనపడాలె అని రెండు ఆప్షన్లు అడిగింది, రిక్రూటర్లకు, అంటే కొలువులకు మనుషులను వెతికేటోళ్లకు, మాత్రమేనా లేకపోతే అందరికా అని. ఎక్కువమంది చూస్తే ఎక్కువ కాల్స్ వస్తయి గదా అని అందరికీ పెట్టిండు. ఫోటో చుట్టూ ఆకుపచ్చ రింగు వచ్చింది. మీ నెట్‌వర్క్‌కు ఒక పోస్టు కూడా పెట్టండి అని అదే అడిగింది, అది కూడా ఓకే నొక్కి పండుకున్నడు.

ఇక్కడ జర ఆగి ఒక సంగతి చెప్పాలె, ఎందుకంటే నా దగ్గరికొచ్చే పది మందిల ఎనిమిది మందికి ఇది తెల్వదు. ఒకటే పేరు మీద రెండు వేరే వేరే సామాన్లు ఉన్నయి అందులో. 2016ల లింక్డ్‌ఇన్ మొదట తెచ్చింది గుట్టుగా రిక్రూటర్లకు మాత్రమే సిగ్నల్ ఇచ్చే సౌకర్యం, అది కొలువుల ఉన్నోళ్ల కోసం. ఈ ఆకుపచ్చ రింగు వచ్చింది 2020 జూన్‌ల, కరోనా టైంల, ఎక్కడ చూసినా కొలువులు ఊడుతున్నప్పుడు. అప్పటికే నౌకరీ పోయినోడికి దాచుకునేది ఏముంటది, పది మందికి తెలిస్తే మంచిదే. ఆ రింగు వాళ్ల కోసం బరాబర్ పని చేస్తది. కానీ కొలువుల ఉండి మారాలె అనుకునేటోడు కూడా అదే నొక్కుతున్నడు, రెండు ఆప్షన్లూ ఒకే స్క్రీన్ మీద ఒకదాని కింద ఒకటి ఉంటయి గాబట్టి. తేడా వేలు పెట్టే జాగంత.

ఇగ కథల పడదాం. ఆదివారం పొద్దుగాల వరకే ఆ పోస్టు కింద ఇద్దరు క్లాస్‌మేట్లు ఆల్ ది బెస్ట్ మామా అని రాసిన్రు. సోమవారం మెట్టుగడ్డ కాడ కంపెనీ బస్సు ఎక్కంగనే ప్యాకింగ్ సెక్షన్ పిల్లగాడు, అన్నా పార్టీ ఎప్పుడు అన్నడు. ఏం పార్టీ అంటే, నువ్వు పోతున్నవంట గదా అన్నడు. అప్పటికి తమ్ముడు ఒక్క కంపెనీకి కూడా రెజ్యూమె పంపలే. యూనిట్ వాట్సాప్ గ్రూపుల స్క్రీన్‌షాట్ తిరుగుతుందని మధ్యాహ్నం క్యాంటీన్ల తెలిసింది, అప్పుడు భయమై రింగు తీసేసిండు. రింగు అయితే తీసిండు గానీ స్క్రీన్‌షాట్ ఎట్ల తీస్తడు.

సాయంత్రం మేనేజర్ పిలిచిండు. తిట్టలే, గట్టిగ మాట్లాడలే, కూసోబెట్టి చాయ్ తాగించి, చూసుకో తమ్మీ, మంచి ఆఫరొస్తే పో, మేం అడ్డం రాం అన్నడంట. తమ్ముడు రూంకొచ్చి ఇంటికి ఫోన్ చేసి మా సార్ మంచోడు నాయినా అని చెప్పిండు. నాకు ఈ ముక్క చెప్పినప్పుడు నవ్వొచ్చింది, ఎందుకంటే హెచ్‌ఆర్‌ల ఉన్నప్పుడు ఆ చాయ్ నేను ఎంతమందికి తాగించిన్నో లెక్కలేదు. తిట్టే మేనేజర్‌తోని భయం లేదు, కోపమొచ్చిందంటే నిన్ను ఉంచుకోవాలె అనుకుంటున్నడన్నట్టు. చాయ్ పోసి పంపినోడు అప్పటికే నీ పని ఎవరికియ్యాలె అని లెక్క చూసుకుంటున్నడు.

ఇది కుట్ర అని అనుకోకున్రి. మేం ఎక్సెల్ షీట్ల ఒక కాలమ్ పెట్టుకునేటోళ్లం, ఎవరు పోయేటట్టున్నరు అని. పక్కన అవును, కాదు, డౌట్ అని రాసుకునేటోళ్లం. అందులో అవును అని పడ్డ మనిషికి ఎవ్వరూ అన్యాయం చేయమని చెప్పరు. కానీ కొత్త సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్‌కు ఇద్దరిని పంపాలె అంటే ఆ పేరు మీద చెయ్యి ఆగుతది, నేర్పిస్తే పక్క కంపెనీకే గదా లాభం అని. ఇంక్రిమెంట్ డబ్బుల సంచి ఒకటే ఉంటది, అందులకెళ్లి ఉండేటోనికి కొంచెం ఎక్కువ, పోయేటోనికి కొంచెం తక్కువ. ఒక్కొక్కటి చూస్తే చిన్నదే, మేనేజర్‌కు కూడా తప్పు చేస్తున్న అనిపించదు. నాకూ అనిపించలే అప్పట్ల.

తమ్ముడి యూనిట్‌కు ఆ ఏడాది యూఎస్‌ఎఫ్‌డీఏ, అంటే అమెరికా మందుల నియంత్రణ సంస్థ, ఆడిట్ రావాలె. ఫార్మాల లేనోళ్లకు చెప్పాలంటే, ఆడిట్ టైంల ఫ్రంట్ రూం అని ఒకటి ఉంటది, ఇన్‌స్పెక్టర్ ముందల కూసునేటోళ్లు, బ్యాక్ రూం అని ఇంకోటి, అడిగిన కాగితం నిమిషాల మీద తీసి, చెక్ చేసి లోపలికి పంపేటోళ్లు. ఆడిట్ అయినంక ఇన్‌స్పెక్టర్‌కు అభ్యంతరాలుంటే ఫారం 483 అని రాసిచ్చి పోతడు, దానికి 15 పనిదినాలల్ల జవాబు పంపాలె. ఫ్రంట్ రూంల కూసున్న అని రెజ్యూమెల ఒక్క లైను ఉంటే క్యూఏ మనిషి రేటు మారుతది, ఇది జడ్చర్ల నుంచి చౌటుప్పల్ దాంక అందరికీ తెలిసిన లెక్క. తమ్ముడి పేరు నవంబర్ల తయారు చేసిన లిస్టుల ఫ్రంట్ రూం అసిస్టెంట్‌గ ఉండె. ఫిబ్రవరిల లిస్టు మారింది, ఆ పేరు బ్యాక్ రూంల కూడా లేదు, షాప్‌ఫ్లోర్ రౌండ్లకు వేసిన్రు. కారణం ఏ మెయిల్లనూ లేదు. మేనేజర్ దిక్కు నుంచి చూస్తే ఆయనకూ భయమే, ఆడిట్ మధ్యల ఈ పిల్లగాడు రాజీనామా పెడితే ఇన్‌స్పెక్టర్ ముందల ఎవరిని కూసోబెట్టాలె.

రింగు వల్లనే అయింది అని నేను కోర్టుల రుజువు చెయ్యలేను. తమ్ముడి జాగల వేసిన ఆయనకు అనుభవం ఎక్కువ ఉండొచ్చు. కానీ నవంబర్‌కు ఫిబ్రవరికి మధ్యల మారింది ఇది ఒక్కటే.

నష్టం అంటే ఆఫీసుల జరిగిందే అనుకున్న మొదట. కాదు. రింగు పెట్టిన మూడో దినం వాట్సాప్‌ల మెసేజ్ వచ్చింది, మీ ఓపెన్ టు వర్క్ ప్రొఫైల్ చూసినం, సింగపూర్ల బయోఫార్మా కంపెనీల క్వాలిటీ ఆఫీసర్ పోస్టు అని. వాట్సాప్ నంబర్ ఎట్ల దొరికింది అంటే, తమ్ముడు పోస్టుల రెజ్యూమె పీడీఎఫ్ కూడా జోడించిండు, అందులో ఫోన్ నంబర్, మెయిల్, నాయిన పేరు, పుట్టిన తేదీ, ఊరి అడ్రస్ అన్నీ ఉన్నయి. మన దిక్కు రెజ్యూమెలు ఇంకా అట్లనే రాస్తరు, కింద డిక్లరేషన్ రాసి సంతకం పెట్టి, పెండ్లి బయోడేటాకు దీనికి తేడా లేకుంట. ఇంటర్వ్యూ టెలిగ్రాంల చాట్ మీద తీసుకున్రు, క్యూఏ ప్రశ్నలు కూడా అడిగిన్రంట, డీవియేషన్ (రాసిన పద్ధతి తప్పుడు) అంటే ఏంది, కాపా (ఆ తప్పును సరిదిద్ది మల్ల రాకుంట చూసుడు) అంటే ఏంది అని, అందుకే నమ్మిండు. రెండు దినాలకు ఆఫర్ లెటర్, ముద్రతో సహా. తర్వాత డాక్యుమెంట్ వెరిఫికేషన్‌కు 14,500 కట్టాలె, జాయినైనంక మొదటి జీతంల వాపస్ అన్నరు. ఫోన్ పేల కొట్టిండు. ఆ తర్వాత మెడికల్‌కు 32,000 అన్నప్పుడు డౌటొచ్చి ఆగిండు.

అప్పటికి నాకు ఈ కేసు రాలే, వాళ్ల రూంమేట్ మంచి పని చేసిండు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయించిండు. డబ్బులు పోయినంక ఎంత తొందరగ ఆ నంబర్‌కు చేస్తే అంత మంచిది, డబ్బు ఒక ఖాతాల నుంచి ఇంకో ఖాతాకు దుంకకముందే బ్యాంకు ఆపాలె. cybercrime.gov.in అనే పోర్టల్‌ల కూడా ఫిర్యాదు నమోదైంది. 6,000 దాంక ఒక ఖాతాల ఆగింది, అవి లోక్ అదాలత్ ద్వారా వాపస్ వచ్చేసరికి నెలలు పట్టింది, మిగిలినవి పోయినయి. ఒక రకంగ 14,500తోనే బయటపడ్డడు. ఇట్లాంటి విదేశీ కొలువు ఆఫర్లను నమ్మి మయన్మార్, కంబోడియాల సైబర్ మోసాల క్యాంపులల్ల ఇరుక్కున్నోళ్లల్ల మన తెలంగాణ పిల్లలు కూడా ఉన్నరు, 2025 మార్చిల మయన్మార్ నుంచి 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాలల్ల వాపస్ తెచ్చిన్రు. ఆకుపచ్చ రింగు ఆ దొంగలకు ఏం చెప్తదంటే, ఈ మనిషి ఆశ మీద ఉన్నడు, ఫోన్ ఎత్తుతడు అని. వాళ్లు వెతుక్కునే కష్టం కూడా మనమే తీసేస్తున్నం.

ఇగ మూడోది, దీని గురించి ఏ కెరీర్ సలహాలు ఇచ్చేటోళ్లు చెప్పరు, వాళ్లు ఢిల్లీల, బెంగళూరుల ఉండి రాస్తరు గాబట్టి. తమ్ముడికి అప్పుడే సంబంధం చూస్తున్నరు. వనపర్తి దిక్కు పిల్ల, మాటలు దాదాపు అయిపోయినయి, పెట్టుపోతల కాడ ఉన్నది. పిల్ల అన్న హైదరాబాదుల సాఫ్ట్‌వేర్, మనిషి ఎట్లాంటోడో చూద్దామని లింక్డ్‌ఇన్‌ల వెతికిండు, ఇది ఈ మధ్య అందరూ చేసే పనే. ఫోటోకు రింగు కనపడ్డది. ఆయన ఇంట్ల చెప్పింది ఒక్క మాట, పిల్లగాడు పని కోసం చూస్తున్నడు అని. అది వనపర్తి నుంచి దేవరకద్రకు చేరేసరికి పిల్లగానికి నౌకరీ పోయిందట అని అయింది. మధ్యల ఎవరు ఏం కలిపిన్రో దేవుడికే తెలుసు. సంబంధం తెచ్చినాయన ఫోన్ ఎత్తుడు బంద్ చేసిండు. తమ్ముడి నాయిన బస్సెక్కి పే స్లిప్పులు, ఐడీ కార్డు జిరాక్సు పట్టుకొని వనపర్తి పోయి చూపిచ్చి వచ్చిండంట. నా దగ్గర ఇది చెప్తున్నప్పుడే తమ్ముడు మొదటిసారి తల దించుకున్నడు, 14,500 పోయిందని చెప్పినప్పుడు కూడా దించలే.

ఫిబ్రవరి ఆఖరుకు నా దగ్గరికి వచ్చిండు. ఏ కేసొచ్చినా నేను ముందుగాల ఒక పని చేయిస్త, కనెక్షన్ల లిస్టు ముందేసుకొని ఒక్కొక్కరు ఎవరో లెక్కపెట్టిస్త. తమ్ముడికి 412 మంది ఉన్నరు. అందులో సొంత యూనిట్ వాళ్లు 137, చుట్టుపక్కల యూనిట్లోళ్లు 94, కాలేజీ, బంధువులు, ఊరోళ్లు కలిపి 120 చిల్లర, మిగతా ఎవరో తెల్వనోళ్లు. రిక్రూటర్లు ఎంతమంది అంటే 11. పదకొండు మందికి వినపడాలె అని నాలుగు వందల మంది ముందల మైకు పట్టుకున్నడన్నట్టు. బెంగళూరుల ఈ లెక్క వేరేగ ఉండొచ్చు, ఆడ కనెక్షన్లు నలుమూలలా ఉంటయి. మన దగ్గర ఒకటే కారిడార్, అదే బస్సులు, అదే కిరాయి రూములు, ఒక యూనిట్ క్యూఏ హెడ్ మొన్నటిదాంక పక్క యూనిట్ల డిప్యూటీ. ఎవరు ఎక్కడికి పోతున్నరో జడ్చర్ల చౌరస్తాల చాయ్ తాగేలోపు తెలుస్తది.

ప్రొఫైల్ తెరిచి చూస్తే ఇంకో ముచ్చట బయటపడ్డది. రింగు తీసేసి నెల దాటినా, హైరింగ్ పోస్టుల కింద ఇంట్రెస్టెడ్ సార్ అని రాసిన కామెంట్లు 26 ఉన్నయి, కొన్నిట్ల మెయిల్, ఫోన్ నంబర్ కూడా. మనం కామెంట్ పెడితే మన కనెక్షన్లకు కూడా అది పోయి కనపడుతది. అంటే రింగు లేకున్నా వారానికి నాలుగుసార్లు అదే మాట మైకుల చెప్తున్నడు. అన్నీ కూసోబెట్టి తీయించిన, గంటన్నర పట్టింది. ప్రొఫైల్ మార్పులు నెట్‌వర్క్‌కు చెప్పే స్విచ్ బంద్ చేయించిన. రెజ్యూమెల నాయిన పేరు, పుట్టిన తేదీ, ఇంటి అడ్రస్ కొట్టేసినం, ఊరు పేరు ఒక్కటి చాలు.

నౌకరీ డాట్ కామ్ సంగతి వేరే. అది కొలువులు వెతికే సైటు, 1997 నుంచి ఉన్నది, మన ఫార్మా హెచ్‌ఆర్‌లు లింక్డ్‌ఇన్ కంటె దాన్నే ఎక్కువ వాడుతరు. కంపెనీలు పైసలు కట్టి రెజ్యూమె డేటాబేస్ తీసుకుంటయి, అందుల క్యూఏ, ఓఎస్‌డీ (టాబ్లెట్, క్యాప్సూల్ మందులు), మహబూబ్‌నగర్ అని కొడితే మనుషులు వరుసగ వస్తరు, ఎవరు ఎప్పుడు యాక్టివ్‌గ ఉన్నరో కూడా కనపడుతది. నేను హెచ్‌ఆర్‌ల ఉన్నప్పుడు బయటోళ్ల కోసం వెతుకుతుంటే మా సొంత మనుషులే ముందు పేజీల వచ్చేటోళ్లు, రాత్రి అప్‌డేట్ చేసి పొద్దుగాల డ్యూటీకొచ్చి గుడ్ మార్నింగ్ సార్ అనేటోళ్లు. అందులో ఫలానా కంపెనీకి నా ప్రొఫైల్ కనపడొద్దు అని బ్లాక్ చేసుకునే సౌలత్ ఉన్నది, చాలమందికి తెల్వదు. తెలిసినోళ్లు కూడా యూనిట్ పేరు ఒక్కటి పెట్టి వదిలేస్తరు, కానీ గ్రూపుల ఇంకో పేరు మీద ఇంకో కంపెనీ ఉంటది, హెచ్‌ఆర్ లాగిన్ ఆ పేరు మీద ఉంటది. ఆఫర్ లెటర్ మీద ఉన్న పేరు, పే స్లిప్ మీద ఉన్న పేరు, పీఎఫ్ పాస్‌బుక్‌ల ఉన్న పేరు మూడూ చూసి మూడూ బ్లాక్ చేయాలె. తమ్ముడి విషయంల పే స్లిప్ మీద ఒక పేరు, పీఎఫ్‌ల ఇంకో పేరు.

ఇగ నా తప్పు. ఇదంతా అయినంక నేను చెప్పిన, తమ్మీ, ఇగ రిక్రూటర్లకు మాత్రమే అనే ఆప్షన్ పెట్టుకో, అది సేఫ్ అని. సేఫ్ అన్న మాట నా నోటినుంచి వచ్చింది. లింక్డ్‌ఇన్ ఏం చెప్తదంటే, ఇది వాళ్ల రిక్రూటర్ సర్వీసు తీసుకున్నోళ్లకే చూపిస్తం, నీ కంపెనీల, దాని అనుబంధ కంపెనీల రిక్రూటర్లకు కనపడకుంట జాగ్రత్త పడతం, కానీ పూర్తి గోప్యతకు గ్యారంటీ ఇయ్యలేం అని. రాసిపెట్టి ఉన్నది, నేను చదివిందే. గ్యారంటీ లేదన్న లైను నేను తమ్ముడికి చదివి వినిపియ్యలే. నేను మరిచిపోయింది ఇంకొకటి, మన యూనిట్లకు మనుషులను తెచ్చేది సొంత హెచ్‌ఆర్ ఒక్కటే కాదు, హైదరాబాద్ కన్సల్టెన్సీలు. ఒకటే కన్సల్టెన్సీ నాలుగు యూనిట్లకు మనుషులను ఇస్తది. ఆ రిక్రూటర్ తమ్ముడి కంపెనీ ఉద్యోగి కాడు, కాబట్టి ఏ జల్లెడా ఆయనను ఆపదు. మార్చి మధ్యల ఒక రిక్రూటర్ తమ్ముడితోని మంచిగ మాట్లాడి, జీతం, నోటీసు అన్నీ అడిగి రాసుకున్నడు. వారానికి తమ్ముడి హెచ్‌ఆర్ పిలిచి, ఇంకా చూస్తున్నవంట గదా అన్నడు. అదే కన్సల్టెన్సీ వీళ్లకు కూడా సప్లై చేస్తది, ఫోన్ల మాట మీద మాటొచ్చి చెప్పేసిండు, పగతోని కూడా కాదు.

నేను తొమ్మిదేండ్లు అవే కన్సల్టెన్సీలతోని పని చేసిన మనిషిని. నాకు తట్టాలె. తట్టలే. ఆ నెల ఫీజు వాపస్ ఇచ్చేసిన, తమ్ముడు వద్దన్నడు, అయినా ఇచ్చిన.

ఏప్రిల్‌ల ఇంక్రిమెంట్ 4 శాతం వచ్చింది, టీంల మిగతా వాళ్లకు 8, 9 వచ్చినయి. అదే టైంల ఒక హైదరాబాద్ రిక్రూటర్ 5.3 లక్షలు అన్నడు, తమ్ముడు 6.5 అడిగితే, మీరు మూడు నెలల నుంచి చూస్తున్నరు గదా, ఇంకా ఏం దొరకలే అన్నట్టే గదా అన్నడు. రింగు జనవరిల రెండే దినాలు ఉన్నది, ఆయనకు ఎట్ల తెలుసు అంటే, జనవరిల ఫోన్ చేసినోళ్లల్ల ఆయన కూడా ఒకడు, డైరీల రాసుకున్నడు. సంతల ఎద్దును తెల్లారి నుంచి పొద్దుగూకే దాంక కట్టేసి ఉంచితే రేటు ఏమైతదో ఊర్ల పుట్టినోనికి నేను చెప్పేదేముంది, తమ్ముడే ఆ మాటన్నడు, అన్నా నేను సాయంత్రం ఎద్దునైన అని.

మే నుంచి దారి మార్చినం. అన్ని సిగ్నళ్లు బంద్, నౌకరీల ప్రొఫైల్ కనపడకుంట దాచేసినం. హెచ్‌ఆర్ అడిగిన కాడ తమ్ముడితోని ఒక్క మాట చెప్పిచ్చిన, జనవరిల ప్రమోషన్ రాలేదని బాధల చూసుకున్న సార్, ఇప్పుడైతే ఎక్కడా అప్లై చేస్తలేను అని. ఆ దినానికి అది నిజమే, అబద్ధం చెప్పియ్యను నేను, తర్వాత బయటపడితే రెఫరెన్స్ కూడా పోతది. మల్ల 412 మంది లిస్టు తీసినం, ఈసారి వేరే లెక్కతోని, నీతోని కలిసి పని చేసి వేరే కాడికి పోయినోళ్లు ఎవరు, అందుల నీ పని చూసినోళ్లు ఎవరు అని. తొమ్మిది మంది తేలిన్రు. తొమ్మిది మందికీ మెసేజ్‌లు పెట్టలే, ఫోన్ చేయించిన, వారానికి ఇద్దరు చొప్పున, అది కూడా కొలువు ఉందా అని కాదు, అన్నా మీ దగ్గర ఎట్లున్నది, ఏ సిస్టం వాడుతున్నరు, ఆడిట్ ఎట్లైంది అని. ఐదో ఆయన చౌటుప్పల్ దిక్కు యూనిట్ల ఉన్నడు, పాత సీనియర్, ఒకప్పుడు తమ్ముడు రాసిన డీవియేషన్ రిపోర్టును మెచ్చుకున్న మనిషి. ఆయనే అన్నడు, మా కాడ డాక్యుమెంటేషన్‌ల ఒకాయన పోతున్నడు, వస్తవా అని. పోర్టల్ల ఆ పోస్టు రానేలే, వచ్చేటిదే కాదు.

ఇంటర్వ్యూ ఆదివారం పెట్టిచ్చుకున్నం, సెలవు అడిగే పని లేకుంట. పోలేపల్లి నుంచి హైదరాబాద్ మీదుగ చౌటుప్పల్ పోయి వచ్చుడు అంటే ఒక దినం పోతది. 6.4 లక్షలకు ఆఫర్ చేతికి వచ్చినంకనే, అది కూడా మెయిల్ల సంతకంతోని వచ్చి, కంపెనీ ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసి కనుక్కున్నంకనే, జూలైల రాజీనామా మెయిల్ పెట్టిచ్చిన. 60 దినాల నోటీసు పూర్తిగ చేసిండు, ఒక్క సెలవు పెట్టలే, ఎందుకంటే ఫార్మాల రిలీవింగ్ లెటర్ లేకుంటే తర్వాతి గేటు దగ్గర కష్టం. యూఏఎన్, అంటే పీఎఫ్‌కు ఉండే నంబర్, ఒకటే గాబట్టి పీఎఫ్ ఆన్‌లైన్‌ల ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నడు. ఆఖరి దినం మేనేజర్ మల్ల చాయ్ తాగించిండంట, ఈసారి నిజంగనే మంచిగ మాట్లాడిండంట. ఆయన మీద నాకు కోపం లేదు.

సంబంధం మాత్రం పోయింది. చౌటుప్పల్‌ల జాయినైనంక మధ్యవర్తి మల్ల ఫోన్ చేసిండు, వాళ్లు ఇంకా చూస్తున్నరు అని, తమ్ముడి అమ్మ వద్దన్నది. పే స్లిప్పులు పట్టుకొని ఆయన పోయి నిలబడ్డ గడపల నా కొడుకు కూసోడు అన్నదంట.

ఇదంతా చదివి రింగు పెట్టుడే తప్పు అనుకుంటే అది కూడా తప్పే. అదే ఏడాది నల్లగొండ నుంచి ఒక చెల్లె వచ్చింది, బీకాం, అకౌంట్స్‌ల నాలుగేండ్లు, పని చేసే ఆఫీసు మూతపడ్డది. ఆమెకు నేనే దగ్గరుండి రింగు పెట్టిచ్చిన, అందరికీ కనపడేటట్టు, ఆఫీసు మూతపడ్డదన్న సంగతి కూడా హెడ్‌లైన్ కింద సూటిగ రాయించిన. పది దినాలల్ల రెండు మంచి కాల్స్ వచ్చినయి. మోసం కాల్స్ కూడా వచ్చినయి, కానీ ఫోన్ నంబర్ పెట్టలేదు గాబట్టి అన్నీ లింక్డ్‌ఇన్ మెసేజ్‌లల్లనే ఆగినయి, పైసలు అడిగినోన్ని అడిగినట్టే బ్లాక్ చేసింది. ఆమెకు పోయేదేం లేదు. తమ్ముడికి పోయేది చానా ఉండె, ఫ్రంట్ రూంల కుర్చీతోని సహా.

ఈ కేసు తర్వాత నా ఆఫీసుల కొత్తోళ్లకు ఇచ్చే ఫారం మార్చిన. ఇంతకుముందు మొదటి ప్రశ్న, ఎంత జీతం ఆశిస్తున్నరు అని ఉండె. ఇప్పుడు మొదటి ప్రశ్న, మీ కంపెనీకి మనుషులను ఏ కన్సల్టెన్సీలు తెస్తయి అని. సగం మంది తెల్వదు అన్నా అంటరు. అయితే పోయి మీతోని జాయినైనోళ్లను ఎవరి ద్వారా వచ్చిన్రో కనుక్కొని రా, అప్పటిదాంక ప్రొఫైల్‌ను నువ్వు ముట్టొద్దు, నేను ముట్టను అని పంపిస్త. మొన్న వచ్చిన పిల్లగాడు నాలుగు పేర్లు తెచ్చిండు, అందుల రెండు నాకు ఆ పొద్దే ఫోన్ చేసిన్రు, మహబూబ్‌నగర్ల క్యూసీ (ల్యాబ్‌ల మందు పరీక్ష చేసే) మనుషులు ఎవరన్న ఉన్నరా అన్నా అని.